బెంగళూరులో క్రీడా వైద్యరంగం: మైదానం పక్కన చేసే ఉద్యోగానికి సిద్ధపడడం ఎలా

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివి, ఆటలంటే ఇష్టం ఉండి, మెడికల్ సీటు వస్తుందో రాదో తెలియని స్థితిలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి చాలామంది పిల్లలు బెంగళూరులోని ఫిజియోథెరపీ కాలేజీలలో చేరుతున్నారు. మ్యాచ్ మధ్యలో సంచి భుజాన వేసుకొని మైదానంలోకి పరుగెత్తే ఆ మనిషి స్థానంలోకి రావాలంటే ఏం చదవాలన్నది వారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న. దీనికి ప్రకటనలు ఇచ్చే సమాధానం సాధారణంగా ఏదో ఒక సర్టిఫికెట్ కోర్సు పేరుతో మొదలవుతుంది. ఆ వరుస తలకిందులని నా అభిప్రాయం. రోగి ఒంటిమీద చేయి వేయడానికి చట్టబద్ధమైన అర్హతను ముందుగా సంపాదించాలి, తర్వాత మైదానం పక్కన గంటల తరబడి నిలబడాలి, సర్టిఫికెట్ల సంగతి ఆ రెండూ కుదిరాక చూసుకోవాలి.

ఎవరి పని ఏది

ఒక జట్టు వెంట సాధారణంగా డాక్టరు, ఫిజియోథెరపిస్టు, స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ కోచ్, మసాజ్ చేసే వ్యక్తి ఉంటారు. వ్యాధి నిర్ధారణ, మందులు, ఇంజెక్షన్లు డాక్టరు పరిధిలోకి వస్తాయి. గాయాన్ని పరీక్షించడం, టేపింగ్, కోలుకునే దశలో చేయించే వ్యాయామాలు ఫిజియో చూసుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న ఆటగాడి బలాన్ని, వేగాన్ని పెంచడం మన క్రికెట్ జట్లలో ‘ట్రైనర్’ అని పిలిచే కండిషనింగ్ కోచ్ బాధ్యత. అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్ అంటే వేరే ఉద్యోగం. 1950లోనే అక్కడ వారికి జాతీయ సంఘం ఏర్పడింది. మైదానంలో ప్రథమ చికిత్స నుంచి తిరిగి ఆడించేదాకా అన్నీ వారే చూస్తారు, అందులో చేరడానికి ఇప్పుడు మాస్టర్స్ డిగ్రీ కావాలి. మన దేశంలో అదే పనిని ఫిజియో, ట్రైనర్ పంచుకుంటారు కాబట్టి, అమెరికన్ వెబ్‌సైట్లు చదివి ఇక్కడ కోర్సు ఎంచుకునేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

డిగ్రీ ఎంపిక

ఎక్కువమందికి అందుబాటులో ఉన్న దారి బి.పి.టి., అంటే ఫిజియోథెరపీలో డిగ్రీ. కర్ణాటకలో ఈ కోర్సు నడిపే కాలేజీలలో చాలావరకు 1996లో ఏర్పడిన రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. చాలాకాలంగా ఇది నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా సాగింది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపీని తన పరిధిలోకి తీసుకుంది. దానిని అనుసరించి 2025లో విడుదలైన కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ ఏడాదికి పెరిగింది. ప్రవేశ నిబంధనలు కూడా మారుతున్న కాలం కాబట్టి, సీనియర్ చెప్పినదాన్నో ఏజెంటు చెప్పినదాన్నో నమ్మకుండా, చేరబోయే సంవత్సరం నోటిఫికేషన్‌ను విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో స్వయంగా చదవాలి. చదువు ముగిశాక ఈ వృత్తివారిని నమోదు చేసే రాష్ట్ర మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు లేనివారు ఎన్ని కోర్సులు చేసినా, వారి చేతికి ఆటగాణ్ణి అప్పగించడానికి ఏ బాధ్యతగల క్లబ్బూ ముందుకు రాకూడదు.

కాలేజీని చూడడానికి వెళ్లినప్పుడు జిమ్‌లోని అద్దాలనూ యంత్రాలనూ చూసి మురిసిపోవలసిన అవసరం లేదు. సొంత ఆసుపత్రి ఉందా, లేకపోతే విద్యార్థులను ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ ఎముకల విభాగంలో రోజూ రోగులు వస్తారా, అనాటమీ తరగతిలో మృతదేహం మీద నేర్పుతారా, ప్లాస్టిక్ బొమ్మలతో సరిపెడతారా అన్నవి అడగాలి. కిందటేడాది ఇంటర్న్‌లు ఇద్దరితో క్యాంటీన్‌లో పది నిమిషాలు మాట్లాడితే ప్రిన్సిపాల్ గదిలో గంట కూర్చున్నా తెలియని విషయాలు తెలుస్తాయి. డిగ్రీ తర్వాత మాస్టర్స్ అయిన ఎం.పి.టి. రెండేళ్లు. ఎముకలు, కండరాలకు సంబంధించిన మస్క్యులోస్కెలిటల్ విభాగంతో కలిపి గానీ, విడిగా గానీ స్పోర్ట్స్ స్పెషలైజేషన్ దొరుకుతుంది. అందులో రాయవలసిన పరిశోధన వ్యాసాన్ని ఏదో ఒకటి ముగించామనిపించకుండా, తాము పనిచేయాలనుకునే ఆటనే ఎంచుకొని రాస్తే, తర్వాత ఇంటర్వ్యూలో మాట్లాడడానికి చేతిలో సరుకు ఉంటుంది.

డాక్టరు దారి పొడవైనది. ఎం.బి.బి.ఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఆపై స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఎం.డి. మూడేళ్లు. దేశం మొత్తంమీద ఆ సీట్లు చాలా తక్కువ, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోని స్పోర్ట్స్ ఇంజరీ సెంటర్ అందరికీ తెలిసిన పేరు. శస్త్రచికిత్స మీద మనసున్నవారు ఆర్థోపెడిక్స్ చదివి, తర్వాత ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరాతో చేసే కీలు శస్త్రచికిత్స), స్పోర్ట్స్ మెడిసిన్ ఫెలోషిప్ చేస్తారు.

ట్రైనర్ కావాలనుకునేవారికి చెన్నై వైపు చూడమని చెబుతాను. పోరూరులోని శ్రీరామచంద్ర విద్యాసంస్థలో క్రీడాశాస్త్ర విభాగం ఉంది. నగరం శివార్లలో మేలకోట్టయూర్‌లో తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడల విశ్వవిద్యాలయం ఉంది. 2011 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుకు ట్రైనర్‌గా పనిచేసిన రామ్‌జీ శ్రీనివాసన్, ఆ తర్వాత జట్టు ఫిట్‌నెస్ పద్ధతిని చాలా మార్చిన శంకర్ బసు, ఇద్దరూ చెన్నైవారే.

చేతికి రావలసిన చదువు

పరీక్షలో మార్కులు తెచ్చే చదువు, చేతికి వచ్చే చదువు రెండూ ఒకటి కావు. ఫుట్‌బాల్ ఆటగాడు చీలమండ మెలికపడి కూలబడ్డాడనుకోండి. అతణ్ణి ఎక్స్‌రేకి పంపాలా, పక్కన కూర్చోబెట్టాలా అన్నది ఆ నిమిషంలోనే తేల్చాలి. ఇందుకు 1992లో కెనడా వైద్యులు రూపొందించిన ఒటావా నియమాలు ఉన్నాయి. చీలమండకు బయటివైపు ఉబ్బెత్తుగా కనిపించే ఎముక కొన నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల వరకు, ముందువైపు కాకుండా వెనుక అంచు వెంబడి, బొటనవేలితో నొక్కుతూ వెళ్లాలి. లోపలివైపు ఎముకకూ అదే పద్ధతి. ఆ తర్వాత పాదం బయటి అంచు మధ్యలో చిటికెనవేలి వైపు ఎముక మొదలయ్యే గుబ్బను, పాదం లోపలివైపు వంపు పైభాగాన ఉండే నావిక్యులర్ ఎముకను నొక్కి చూడాలి. ఈ చోట్లలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ పరీక్షించే సమయంలో, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే. చాలామంది విద్యార్థులు వాపు ఎక్కువగా కనిపించే చోట, అంటే ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ మీద నొక్కి, ఆటగాడు కేకపెట్టగానే ఎముక విరిగిందంటారు. వేలు ఎముక మీద ఉందో, దాని ముందున్న మెత్తని భాగం మీద ఉందో తెలియడానికి తోటి విద్యార్థుల పాదాల మీద కళ్లు మూసుకొని వెతకడాన్ని మించిన సాధన లేదు. హాస్టల్లో ఉండేవారికి ఇది రోజూ కుదిరేదే.

టేపింగ్ కూడా అంతే. వీడియో చూస్తే పావుగంటలో వచ్చినట్లు ఉంటుంది. ఆటగాడు పాదాన్ని తొంభై డిగ్రీలలో నిలపకపోయినా, టేపు కింద ఒక్క ముడత మిగిలినా, రెండో అర్ధభాగానికల్లా బొబ్బ లేస్తుంది. అతడు విశ్రాంతి సమయంలో దాన్ని పీకి పారేస్తాడు, మళ్లీ మీ దగ్గరికి రాడు.

గాయం కాకముందు చేసే పని గురించి కాలేజీలు తక్కువగా చెబుతాయి. ఫిఫా రూపొందించిన పదకొండు ప్లస్ వార్మప్ సుమారు ఇరవై నిమిషాల కార్యక్రమం. దాన్ని క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు గణనీయంగా తగ్గాయి. తొడ వెనుక కండరాల కోసం మోకాళ్లపై నిలబడి నెమ్మదిగా ముందుకు ఒరిగే నార్డిక్ వ్యాయామం ఆ కండరాల గాయాలను సుమారు సగానికి తగ్గించగలదని పరిశోధనలు చూపాయి. దీనికి యంత్రం అక్కరలేదు, మడమలు పట్టుకోవడానికి ఒక తోడు చాలు. సాధన భారాన్ని లెక్కకట్టడం కూడా ఇంత సులువే. సాధన ఎంత కష్టంగా అనిపించిందో ఆటగాణ్ణి పదికి ఎంతని అడిగి, ఆ అంకెను నిమిషాలతో గుణించాలి. అరవై నిమిషాల సాధనకు ఆరు అన్నాడంటే 360. ఈ అంకెలను వారం వారం నోటుపుస్తకంలో రాసుకుంటూ పోతే, ఎవరి భారం ఉన్నట్టుండి పెరిగిందో గాయం రాకముందే కనిపిస్తుంది.

మైదానం ఎక్కడ దొరుకుతుంది

బెంగళూరులో ఈ రంగానికి పెద్ద పేర్లున్న చోట్లు ఉన్నాయి. జ్ఞానభారతి ప్రాంగణంలో భారత క్రీడా ప్రాధికార సంస్థ దక్షిణ కేంద్రం, యలహంక వైపు పదుకొనె–ద్రవిడ్ కేంద్రం, విమానాశ్రయం వైపు 2024లో ప్రారంభమైన బి.సి.సి.ఐ. సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ వాటిలో కొన్ని. ఈ చివరిదానికి మాతృక అయిన జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యతలను 2021లో మన వి.వి.ఎస్. లక్ష్మణ్ చేపట్టారు. అయితే తెలుగువాడు పైన ఉన్నాడు కదా అని దరఖాస్తు పంపితే పని జరగదు. ఇలాంటి చోట్లకు అనుభవం ఉన్నవారే వెళతారు. కొత్తవారికి అనుభవం దొరికేది కర్ణాటక క్రికెట్ సంఘం లీగ్‌లలో ఆడే చిన్న క్లబ్బులలో, అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగే పోటీలలో, పాఠశాలల టోర్నమెంట్లలో, తెల్లవారుజామున కంఠీరవ స్టేడియం ట్రాక్ మీద. 2008 నుంచి జరుగుతున్న టెన్‌కే పరుగు వంటి పోటీలలో వైద్య శిబిరాలకు సాయం చేసే చేతులు కావాలి. కాలేజీ ద్వారా పేరు ఇస్తే అవకాశం రావచ్చు.

క్లబ్బు కార్యదర్శిని కలిసినప్పుడు, నాకు నేర్చుకునే అవకాశం ఇవ్వండి అనడం కంటే, ప్రతి ఆదివారం మ్యాచ్‌కి మా సీనియర్ పర్యవేక్షణలో వస్తాను, సంచి నాది, ఐసు మీది అనడం మంచిది. విద్యార్థి దశలో పర్యవేక్షణ లేకుండా చికిత్స చేయకూడదని వేరే చెప్పనక్కరలేదు. అలాగే కన్నడం నేర్చుకోవాలి. బెంగళూరులో తెలుగుతో బతకవచ్చన్న మాట ఇల్లు అద్దెకు తీసుకోవడానికి పనికివస్తుందేమో గానీ, దావణగెరె నుంచి వచ్చిన పదమూడేళ్ల పిల్లకు నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో తెలుసుకోవడానికి పనికిరాదు.

సంచిలో ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల గట్టి టేపు, డైనాప్లాస్ట్ అనే సాగే అంటుడు పట్టీ, కత్తెర, గాజుగుడ్డ, బీటాడిన్, చేతి తొడుగులు, చిన్న టార్చి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, థర్మామీటరు, కృత్రిమ శ్వాసకు వాడే మాస్కు, మడిచిపెట్టగల స్ప్లింట్ ఉండాలి. స్ప్రే డబ్బాకు ఆటగాళ్ల దృష్టిలో ఉన్నంత విలువ నా దృష్టిలో లేదు. సంచి కంటే ముఖ్యమైనది మ్యాచ్ మొదలయ్యేలోపు పూర్తిచేయవలసిన పని. అంబులెన్స్ ఏ గేటు గుండా లోపలికి రాగలదు, ఆ గేటు తాళంచెవి ఏ వాచ్‌మన్ దగ్గర ఉంది, అతడు మధ్యాహ్నం భోజనానికి వెళితే ఎవరికి ఇచ్చి వెళతాడు, ఆదివారం ఉదయం దగ్గరైన ఆసుపత్రి పనిరోజు సాయంత్రం ట్రాఫిక్‌లో కూడా దగ్గరేనా, ఆ స్టేడియంలో ఆగిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే ఏ.ఈ.డి. యంత్రం ఉందా, ఉంటే ఏ గదిలో ఉంది అన్నవన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరు కోచ్‌లకు ఇవ్వాలి. గుండె ఆగినవాడికి నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, యంత్రం వచ్చేదాకా ఆపకుండా ఉండాలి. ఈ శిక్షణను రెండేళ్లకోసారి కొత్తగా తీసుకోవాలి.

వేడి గురించి బెంగళూరులో పనిచేసేవారే ఎక్కువ జాగ్రత్త పడాలి. దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున చల్లని గాలిలో సాధన చేసిన పిల్లలు ఏప్రిల్‌లో విజయవాడకో చెన్నైకో టోర్నమెంటుకు వెళితే, ఆ వేడికి ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. జట్టేమో మ్యాచ్ ముందురోజు రాత్రి రైలెక్కుతుంది. శరీరంలోపలి ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతూ ఉంటే అది ప్రాణాపాయం. అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, టార్పాలిన్ నాలుగు మూలలూ నలుగురు పట్టుకొని, మధ్యలో అతణ్ణి పడుకోబెట్టి, ఐసు నీళ్లు పోసి కదుపుతూ అరగంటలోపు చల్లబరచాలి, ఆసుపత్రికి తరలించడం ఆ తర్వాత. నుదుటి మీద చూసే థర్మామీటరు ఇక్కడ మోసం చేస్తుంది, చంకలో పెట్టేదీ అంతే.

వద్దని చెప్పవలసిన చోట

ఈ వృత్తిలో కష్టమైన భాగం గాయాన్ని గుర్తించడం కాదు, గుర్తించిన తర్వాత గెలుపు కోసం తహతహలాడుతున్న కోచ్ ముందు నిలబడి వీడు ఆడకూడదని చెప్పడం. తలకు దెబ్బ తగిలిన విషయంలో బేరం లేదు. కన్‌కషన్, అంటే దెబ్బకు మెదడు అదిరిన అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. తర్వాత కూడా దశలవారీగా, ఒక్కొక్క దశకు కనీసం ఇరవై నాలుగు గంటలు ఇస్తూ తిరిగి తేవాలి. అంతర్జాతీయ క్రికెట్‌లో 2019 ఆగస్టు నుంచి కన్‌కషన్ ప్రత్యామ్నాయ ఆటగాణ్ణి అనుమతిస్తున్నారని గుర్తుచేస్తే, చిన్న క్లబ్బు కోచ్ కూడా కొంత మెత్తబడతాడు. మోకాలి ముందు క్రూసియేట్ లిగమెంటుకు ఆపరేషన్ అయినవాడు తొమ్మిది నెలలలోపు పోటీలోకి దిగితే మళ్లీ గాయపడే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆరో నెలలోనే నొప్పి లేదు కదా అని తండ్రులు వాదిస్తారు. నొప్పి లేకపోవడానికీ, లిగమెంటు గట్టిపడడానికీ సంబంధం లేదని ఓపికగా వివరించాలి.

రాయలసీమ నుంచి వచ్చి అకాడమీ హాస్టల్లో ఉండే పదహారేళ్ల ఫాస్ట్ బౌలరు, తెలుగు మాట్లాడే ఫిజియో దొరికాడని సంతోషంగా వచ్చి, నడుము నొప్పి చెప్పుకొని, “అన్నా, సార్‌కి చెప్పొద్దు, వచ్చే వారం సెలక్షన్ ఉంది” అంటాడు. కుడిచేతి బౌలరుకు నడుములో ఎడమవైపు నొప్పి వస్తే, మరో కారణం రుజువయ్యేదాకా వెన్నుపూసలో ఎముక చిట్లిందేమోనని అనుమానించాలి. మామూలు ఎక్స్‌రేలో అది తరచు కనబడదు, ఎం.ఆర్.ఐ. కావాలి. అతని రహస్యాన్ని కోచ్‌కి చాటున చేరవేయడమూ సరికాదు, దాచిపెట్టి బౌలింగ్ చేయనివ్వడమూ సరికాదు. “నువ్వే చెబుదువుగాని తమ్ముడూ, నేను పక్కనే ఉంటాను. ముందు నాన్నతో ఫోన్లో మాట్లాడదాం” అనడమే నాకు తెలిసిన దారి. మైనరు కాబట్టి తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ముందుకు వెళ్లకూడదు. అదే కారణంతో పరీక్షించే గదిలో మరో పెద్ద మనిషి ఉండాలి.

బాలికల విషయంలో ఇంకొకటి గమనించాలి. తిండి చాలక, సాధన ఎక్కువై, నెలసరి ఆగిపోయిన అమ్మాయికి ఎముకలు చిట్లే ప్రమాదం పెరుగుతుంది. ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడితే అసలు కారణం చేజారుతుంది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక మహిళా క్రికెట్ మీద శ్రద్ధ పెరిగింది. అమ్మాయిలు ఈ చదువుకు రావడానికి ఇది మంచి కాలం.

మందులతో జాగ్రత్త

క్రీడలలో డోపింగ్‌ను అరికట్టే ప్రపంచ సంస్థ వాడా నిషేధిత జాబితా ఏటా జనవరి 1న కొత్తది అమలులోకి వస్తుంది, దాన్ని ఏటా చదవాలి. నొప్పికి వాడే ట్రమడాల్ 2024 నుంచి పోటీ సమయంలో నిషేధం. కీలులోకి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా 2022 నుంచి పోటీ సమయంలో నిషేధమే. బి.పి. మాత్రగా ఇంట్లో ఎవరికో రాసిన ఫ్యూరోసెమైడ్ అన్ని కాలాలలోనూ నిషిద్ధం. తెలియక వేసుకున్నానంటే ఆటగాడికి మినహాయింపు ఉండదు. వైద్య అవసరం నిజమైతే ముందుగానే అనుమతికి దరఖాస్తు చేయాలి. జిమ్‌లో డబ్బాలలో అమ్మే పొడులనూ, పేరు లేని ఆయుర్వేద లేహ్యాలనూ కూడా ఇదే అనుమానంతో చూడాలి. నిషేధిత పదార్థాన్ని అందించినట్లు తేలితే సహాయక సిబ్బంది మీద కూడా చర్యలుంటాయి కాబట్టి, ఫిజియో తన సంచిలో మాత్రలు పెట్టుకోకపోవడమే క్షేమం.

సర్టిఫికెట్లు, జీతం, ఒప్పందం

డిగ్రీ, మైదానం రెండూ కుదిరాక సర్టిఫికెట్లకు అర్థం వస్తుంది. ఫిఫా ఫుట్‌బాల్ మెడిసిన్ డిప్లొమా ఆన్‌లైన్‌లో ఉచితం, బి.పి.టి. మూడో సంవత్సరం నుంచే చదవదగినది. ట్రైనర్ వైపు వెళ్లేవారికి అమెరికా సంస్థ నిర్వహించే కండిషనింగ్ నిపుణుల పరీక్ష సి.ఎస్.సి.ఎస్.కు మంచి గుర్తింపు ఉంది, దానికి డిగ్రీ ఉండాలి. కండరాల్లోకి సూదులు గుచ్చే డ్రై నీడ్లింగ్, చర్మం మీద కప్పులు అతికించే కప్పింగ్ వంటి రెండు రోజుల వర్క్‌షాపుల మీద వేలు ఖర్చుపెట్టే ముందు ఆ డబ్బుతో ఎన్ని టేపు చుట్టలు వస్తాయో లెక్కవేసుకోమంటాను. అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్ కావాలనుకునేవారికి బి.పి.టి. నేరుగా సరిపోదు. అక్కడ గుర్తింపు పొందిన మాస్టర్స్ చేసి, బోర్డు పరీక్ష రాయాలి.

మొదటి సంవత్సరాలలో జట్టు పని ఒక్కదానితో బెంగళూరులో అద్దె కట్టడం కష్టం. చాలామంది ఉదయం క్లినిక్‌లోనో ఆసుపత్రిలోనో చేసి, సాయంత్రం మైదానానికి వెళతారు. సీజను ముగియగానే జట్టు ఒప్పందం ముగుస్తుంది. అందుకే చేరేముందు కొన్ని విషయాలను కాగితం మీద రాయించుకోవాలి. ప్రయాణ ఖర్చులు, బస ఎవరివి, సీజను మధ్యలో ఆపేస్తే ఎంత చెల్లిస్తారు, టేపు ఖర్చు క్లబ్బుదా మీదా, ఆటగాళ్ల వైద్య వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. వృత్తిపరమైన బాధ్యతకు బీమా విడిగా తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గాయపడినవాణ్ణి ఆడించాలా వద్దా అన్నదానిలో తుది మాట వైద్య సిబ్బందిదేనన్న వాక్యం ఒప్పందంలో ఉండేలా చూసుకోవాలి. ఆ ఒక్క వాక్యం రాయడానికి యాజమాన్యం ఒప్పుకోకపోతే, జీతం ఎంతైనా సరే, ఆ సీజనుకు వేరే జట్టును వెతుక్కోవడం మంచిది.